ముప్ఫయ్యేడు డిగ్రీల చట్టం

పోయిన వేసవిలో గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పగటి ముహూర్తం. పెళ్ళికొడుకును విడిది నుంచి కళ్యాణమండపానికి రెండు గుర్రాలు పూన్చిన రథం మీద ఊరేగింపుగా తీసుకురావాలని పెళ్ళివారి ముచ్చట. తొమ్మిదింటికి కదలవలసిన ఊరేగింపు బ్యాండువారి ఆలస్యం వల్ల కొంత, వీడియోవారి హడావిడి వల్ల కొంత జరిగి జరిగి పదకొండున్నరకు కదిలింది. దూరం మైలున్నర కూడా ఉండదు. కానీ ప్రతి కూడలిలోనూ రథం ఆపి కుర్రకారు చిందులు వేయాలి కదా! ఆపినప్పుడల్లా ఆ గుర్రాలు మెత్తబడిన తారు మీద, నెత్తిన ఈకల తురాయిలతో, చెవుల పక్కనే మోగే డ్రమ్ములతో అలాగే నిలబడి ఉన్నాయి. పన్నెండున్నర దాటాక ఎడమవైపు కట్టిన తెల్లగుర్రం ముందుకాళ్ళు మడిచి కూలబడింది. తర్వాత పక్కకు ఒరిగింది.

పెళ్ళికొడుకును కారెక్కించి తీసుకుపోయారు. ముహూర్తం మించిపోకూడదు, అందులో తప్పు పట్టను. బ్యాండు కూడా కారు వెనకే పోయింది. రోడ్డు మీద మిగిలింది పడిపోయిన గుర్రం, నిలబడ్డ గుర్రం, వాటిని తోలుకొచ్చిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు, నేను, దారినపోయే మరో నలుగురు. కుర్రాడు తన తలపాగా తడిపి గుర్రం ముఖం మీద వేశాడు. ఎదురుగా ఉన్న టీకొట్టు ఆవిడ రెండు బిందెల నీళ్ళు తెచ్చి పోసింది. నేను నాలుగు ఫోన్లు చేశాను. ఆ కార్యాలయాల పేర్లు ఇక్కడ రాయను. ఇది వారి మీద ఫిర్యాదు కాదు. మొదటివారు అది తమ పని కాదన్నారు. రెండవవారు గేదె అనుకుని వివరాలు రాసుకున్నారు, గుర్రం అని తెలిశాక ఆగి, పైవారిని అడిగి చెబుతామన్నారు. మూడవవారు ఎత్తలేదు. నాలుగవవారు ఎంతో మర్యాదగా మాట్లాడి మొదటివారి నంబరు ఇచ్చారు.

చివరికి ఆ వీధిలోనే కాపురముండే ఒక విశ్రాంత పశువైద్యులు లుంగీ మీదనే వచ్చారు. సెలైను సీసాలు మందుల షాపు నుంచి మేము తెచ్చాం. "వడదెబ్బ. నేను గుర్రానికి సూది వేసి ఇరవై ఏళ్ళు దాటిందండీ" అన్నారాయన, మెడ నరం కోసం తడుముతూ. అయిదింటికి గుర్రం లేచింది. కుర్రాడు దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. నేనప్పటికే వాడి మీద మండిపడి ఉన్నాను. "ఇంత ఎండలో తేకపోతే ఏం నాయనా, నోరులేని జీవం కదా" అంటే, వాడు ముక్కు తుడుచుకుని, "తొమ్మిదింటికే అన్నారు సార్. మధ్యలో వదిలేసి పోతే డబ్బులియ్యరు. ఇయ్యకపోతే రేపు దీనికి ఉలవలెక్కడివి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉండవలసినవారి దగ్గర ఉందేమో చూద్దామని ఇంటికొచ్చి చట్టాలు తిరగేశాను. తిరగేసిన కొద్దీ కోపం కుర్రాడి మీద నుంచి వేరేవైపు మళ్ళింది. ఆ మళ్ళిన కోపమే ఈ టపా.

మొదట నన్ను నివ్వెరపరచిన సంగతి చెబుతాను. మన దేశంలో బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లోనే కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నిబంధనలు చేసింది. జంతుహింస నివారణ చట్టం 1960 కింద చేసినవి. వాటి ప్రకారం ఏ జంతువు చేతా రోజుకు మొత్తం మీద 9 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా ఏకధాటిగా 5 గంటలు దాటకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా అసలు బండికి కట్టకూడదు, బరువు మోపకూడదు. గాడిద మీద 50 కిలోలకు మించి వేయకూడదు. జంతువు లాగే బండిలో తోలేవాణ్ణీ ఆరేళ్ళలోపు పిల్లలనూ మినహాయించి నలుగురిని మించి ఎక్కించకూడదు. ముళ్ళున్న కళ్ళెం, ముల్లుగర్ర వాడకూడదు.

ఒక్కసారి ఆలోచించండి. ముప్ఫయ్యేడు డిగ్రీలు! రెంటచింతల పేరు చెబితేనే రాష్ట్రమంతా విసనకర్ర అందుకుంటుంది. మార్చి నెలాఖరు నుంచి తొలకరి దాకా గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మిట్టమధ్యాహ్నం ముప్ఫయ్యేడు డిగ్రీల లోపు ఉన్న రోజు దొరికితే దండేసి పూజించవచ్చు. అంటే ఈ రెండు జిల్లాల్లో ఏటా రెండున్నర నెలలపాటు మధ్యాహ్నం మూడు గంటలసేపు ఎద్దుబండి గానీ, గుర్రపుబండి గానీ, గాడిద గానీ రోడ్డెక్కకూడదన్నది అరవై ఏళ్ళుగా అమలులో ఉన్న చట్టం. నా ఇన్నేళ్ళ జీవితంలో ఆ నిబంధన కింద బండి ఆపించిన ఒక్క సంఘటన నేను చూడలేదు, వినలేదు. మీలో ఎవరైనా చూసి ఉంటే చెప్పండి, ఆ ఉద్యోగికి ఉత్తరం రాస్తాను.

మన ఊళ్ళో ఎండను ఎవరూ గుర్తించరా అంటే, అదేం కాదు. వేసవిలో గుంటూరు మిర్చియార్డుకు సెలవులిస్తారు. అది మంచి పని. ఆ ఎండలో ఆ ఘాటులో హమాలీలు మనుషులై బతకలేరు. మిరపకాయ టిక్కీలకు రంగు చెడకుండా ఊరి చుట్టూ శీతల గిడ్డంగులున్నాయి. బడిపిల్లలకు ఒంటిపూట బళ్ళున్నాయి. మిరపకాయకు కూడా నీడ చూపించిన ఊరు మనది. బండికి కట్టిన జీవాన్ని మాత్రం లెక్కలో వేసుకోలేదు.

ఇక శిక్ష సంగతి. 1960 నాటి చట్టం 11వ సెక్షను ప్రకారం జంతువును కొట్టినా, శక్తికి మించి పని చేయించినా, జబ్బుతో ఉన్నదాన్ని బండికి కట్టినా మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో పట్టుపట్టి ఈ చట్టానికి దారి వేసిన రోజుల్లో యాభై రూపాయలంటే బడిపంతులు జీతంలో గట్టి వాటా. ఇవాళ ఆ పెళ్ళిరథానికి కట్టిన పూలదండ ఖరీదు కూడా కాదు. జరిమానాలు పెంచుతామని 2022 నవంబరులో కేంద్రం ఒక ముసాయిదా బయటపెట్టి ప్రజాభిప్రాయం అడిగింది. అది చట్టమై రాలేదు.

అంతేనా? అదే చట్టంలో 31వ సెక్షను చూడండి. పోలీసులు వారంటు లేకుండా చర్య తీసుకోగల నేరాలు కొన్నింటినే అక్కడ పేర్కొన్నారు. కొట్టడం, అధిక బరువు మోయించడం, జబ్బు జంతువు చేత పని చేయించడం ఆ జాబితాలో లేవు. కాబట్టి రోడ్డు మీద కొరడా దెబ్బలు చూసి చూడనట్టు పోయే కానిస్టేబులును నేను పూర్తిగా తప్పు పట్టలేను. పట్టుకుంటే కాగితాలు బోలెడు, చివరికి వచ్చేది పది రూపాయలు. అధిక బరువని అనుమానం వస్తే పోలీసు అధికారి బండిని కాటా దగ్గరికి తీసుకుపోయి తూయించవచ్చునని 1965 నిబంధనలు అంటున్నాయి. కాటాలకు కరువా గుంటూరులో! పత్తి, మిర్చి, పొగాకు అన్నీ కాటాల మీదే బతుకుతున్న ఊరు. ఆ కాటా ఎక్కిన గుర్రపుబండి ఒక్కటి ఉందేమో వెతకాలి.

ఇప్పుడు నా వాదనలో అసలు ముడి దగ్గరికి వస్తాను. ఇంతవరకు చదివి, "అయితే చట్టం గట్టిగా అమలు చెయ్యాలంటావు, అంతే కదా" అనుకుంటున్నారేమో. అంతే కాదు. చేతిలో డబ్బు లేకుండా చట్టాన్ని మాత్రమే గట్టిగా అమలు చేస్తే ఏమవుతుందో మన జిల్లాల్లోనే, మన కళ్ళెదుటే జరిగింది. గాడిదల కథ అది.

నా చిన్నతనంలో చీరాల, బాపట్ల, ఒంగోలు చుట్టుపక్కల గాడిద లేని రేవు ఉండేది కాదు. రజకులు బట్టల మూటలు వాటి మీదే వేసేవారు. ఇటుక బట్టీలకు మట్టి, ఇళ్ళకు ఇసుక వాటి మీదే వచ్చేవి. తర్వాత వాషింగు మెషీన్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, చిన్న లారీల్లాంటి ఆటోలు వచ్చాయి. గాడిదకు పని పోయింది. పని పోయిన మనిషికి ఏదో ఒక పేరుతో పథకం ఉంటుంది. పని పోయిన గాడిదకు ఏముంటుంది? దేశం మొత్తం మీద 2012 పశుగణనలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 గణనకు 1.2 లక్షలయ్యాయి. ఏడేళ్ళలో నూటికి అరవై పైగా మాయం. గుర్రాలూ పోనీలూ కలిపి అదే కాలంలో సుమారు 6.2 లక్షల నుంచి 3.4 లక్షలకు దిగాయి. అవన్నీ ముసలితనంతో కన్నుమూశాయని నమ్మేవాడు ఎవడైనా ఉంటే వాడికి నా నమస్కారం.

కొన్ని మన జిల్లాలకే వచ్చాయి. గాడిద మాంసం తింటే బలమనీ, ఆయాసం తగ్గుతుందనీ, మగతనం పెరుగుతుందనీ ఒక నమ్మకం ప్రబలి, పాత గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల్లో ఆదివారం అంగళ్ళు వెలిశాయి. ఇక్కడివి చాలక ఇతర రాష్ట్రాల నుంచి లారీల్లో తోలుకొచ్చారు. గాడిద మన ఆహార భద్రతా నిబంధనల్లో తినదగ్గ జంతువుల జాబితాలోనే లేదు. దాని వధ, అమ్మకం రెండూ చట్టవిరుద్ధం. 2022 అక్టోబరులో జంతు సంక్షేమ కార్యకర్తల ఫిర్యాదు మీద పోలీసులు బాపట్లలో దాడిచేసి నాలుగు వందల కిలోలకు పైగా మాంసం పట్టుకున్నారు, కొందరిని అరెస్టు చేశారు. పత్రికలన్నీ రాశాయి. గాడిద రక్తం తాగి పరుగెత్తేవారంటూ ఒక ఊరి పేరు కూడా పదేపదే రాశాయి. ఆ పేరు నేను రాయను. బ్రిటిషువాడు వేసిన ముద్రను వందేళ్ళుగా మోస్తున్న ఊరది, దాని మీద ఇంకొక ముద్ర నా చేత్తో వేయలేను. తినేవాళ్ళు ఆ ఒక్క ఊరివాళ్ళేనా? కార్లలో వచ్చి పొట్లాలు కట్టించుకుపోయిన పెద్దమనుషుల సంగతో?

ఆ దాడులు తప్పని నేననను. మంచి పనే. కానీ దాడి జరిగేది కథ చివరి పేజీలో. పని పోయిన రోజున ఆ గాడిదను రజకుడి దగ్గర మర్యాదైన ధరకు కొని, శేషజీవితం గడిపే చోటు చూపించే సంస్థ ఒక్కటి జిల్లాలో ఉండి ఉంటే, అది కటికవాడి దాకా పోయేదా? అక్కరకురాని జంతువును వదిలించుకోవడానికి పేదవాడికి మిగిలిన ఒకే దారి అమ్మకం. కొనడానికి మిగిలిన ఒకే మనిషి కసాయి. ఇక్కడ క్రూరత్వం కంటే ముందు లెక్క ఉంది.

రేపు పెళ్ళిరథాల గుర్రాలకూ ఇదే గతి. మనలో కొందరు సహృదయులు "అసలు గుర్రపుబండ్లు నిషేధించండి, పీడ పోతుంది" అంటారు. వారి జాలిని నేను గౌరవిస్తాను, వారి లెక్కను గౌరవించను. 2015లో బొంబాయి హైకోర్టు అక్కడి విక్టోరియా బండ్లను చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినప్పుడు, ఏడాది గడువిచ్చి, బండివారికి, గుర్రాలకు పునరావాసం ఆలోచించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. న్యాయస్థానానికి తట్టిన ఆ రెండో సగం మన నిషేధవాదులకు తట్టదు. నిషేధం కాగితం మీద ఉచితం. గుర్రానికి మాత్రం మర్నాడు ఉదయం దాణా కావాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. నిరుద్యోగి అయినా తప్పదు.

అయితే డబ్బెక్కడిది? ఎవరు పెట్టాలి? ఇక్కడే నాకు అసలు మంట.

ఒక్కో జిల్లాకు ఒక్కో జంతుహింస నివారణ సంఘం ఉండాలని 2001లో కేంద్రం నిబంధనలు చేసింది. పేరుకు సంఘం కాదు. జబ్బుపడ్డ, పట్టుబడ్డ జంతువుల కోసం ఆసుపత్రి, ఆశ్రయం కట్టుకోవడానికి స్థలమూ సదుపాయాలూ రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి, అందులో పూర్తికాలపు పశువైద్యుడూ సిబ్బందీ ఉండాలి. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలను ముక్కలు చేసి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం అన్నారు. కొత్త జిల్లాకు కలెక్టరేటు కావాలి, ఎస్పీ కార్యాలయం కావాలి, బోర్డులు కావాలి, అన్నీ సమకూరాయి. గుర్రం పడిపోతే చేర్చే చోటు ఏదని నేను సమాచార హక్కు చట్టం కింద అడిగాను. మూడే ప్రశ్నలు. ఈ పట్టణంలో బండికి కట్టే గుర్రాలెన్ని? వాటికి పోయిన సంవత్సరం ఖర్చుపెట్టిన సొమ్మెంత? 1965 నిబంధనల కింద పెట్టిన కేసులెన్ని? దరఖాస్తు ఒక కార్యాలయం నుంచి ఇంకొక కార్యాలయానికి బదిలీ అయింది. అక్కడినుంచి మూడోదానికి. చివరికి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: అట్టి సమాచారము ఈ కార్యాలయమందు నిర్వహించబడుటలేదు. లెక్కపెట్టనిదానికి పద్దు రాయరు. పద్దు లేనిదానికి ఉద్యోగి ఉండడు. ఆ నాలుగు ఫోన్లలో నన్ను తిప్పినవారు చెడ్డవారు కాదని అప్పుడు అర్థమైంది. వారి కుర్చీల్లో దేనికీ ఈ పని అప్పగించబడలేదు.

పశువుల కోసం ప్రభుత్వం ఖర్చు చేయదని అనలేం. లాంలో ఒంగోలు జాతి పశువుల కోసం పరిశోధనా క్షేత్రం ఎన్నో ఏళ్ళుగా ఉంది, అది మనకు గర్వకారణం. మన జాతి బ్రెజిల్‌కు పోయి నెల్లూరు పేరుతోనే అక్కడ మందలు మందలుగా వృద్ధి చెందింది. సంక్రాంతికీ తిరునాళ్ళకూ బండలాగుడు పందేల్లో ఎద్దుల జతకు ఇచ్చే బహుమతుల గురించి ప్రకాశం జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. 2022 మేలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశువైద్య వాహనాలు రాష్ట్రంలో రోడ్డెక్కాయి, 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చేవి. పడిపోయిన పెద్ద పశువును పైకెత్తే యంత్రం కూడా వాటిలో అమర్చారు. ఆ యంత్రానికి గేదెకూ గుర్రానికీ తేడా తెలియదు. తేడా మన ఆలోచనలోనే ఉంది. పాలిచ్చేది పశువు, పందెం గెలిచేది పశువు. రోడ్డు మీద బతుకు లాగేది మాత్రం ఎవరిదో సొంత సరుకు.

"మనుషులకే దిక్కులేని చోట గుర్రాల గోల ఏమిటి?" ఈ మాట నాతో ఒక పెద్దాయన అన్నారు. నేను ఎంతో గౌరవించే మనిషి, పత్తి రైతు. ఆయన అన్నందుకు దులిపేసుకుపోలేను. 1997-98లో పత్తి పురుగు మన చేలనూ, పురుగుమందు మన రైతులనూ తినేసిన సంవత్సరం ఆయన అన్నగారు పోయారు. అప్పుడు ఇంట్లో మొదట అమ్మినవి ఎద్దుల్నే. అవి ఎటు పోయాయో తెలుసుకోదలచుకోలేదని ఆయనే ఒకసారి నాతో చెప్పారు. అందుకే అడుగుతున్నాను: ఆ ఎద్దుల కథా ఆ ఇంటి కథా వేరువేరు కథలా? ఆ తెల్లగుర్రానికి వడదెబ్బ తగిలిన గంటలో ఆ కుర్రాడి ఇంట్లో పొయ్యి ఆరింది. గుర్రం బాగోగులకు పెట్టే రూపాయి ఆ ఇంటికి పెట్టే రూపాయి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలినప్పుడు రైతులు యార్డులో గొంతెత్తారు, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన ఆదుకునే ధర ప్రకటించింది. అది చాలిందా లేదా అన్నది వేరే తగువు. గొంతెత్తితే ఖజానా కదులుతుందన్నది మాత్రం చూశాం. గుర్రపుబండివారు ఎందరున్నారని ఎత్తుతారు గొంతు? పట్టణానికి పదో పదిహేనో కుటుంబాలు. ఓట్ల లెక్కలో దుమ్ము.

నా చిన్ననాటి ముచ్చట ఒకటి. చీరాల స్టేషను బయట జట్కాలు నిలిచే చోట ఒక సిమెంటు తొట్టి ఉండేది. రైలు దిగి వచ్చేసరికి గుర్రాలు అందులో మూతులు పెట్టి ఉండేవి. మా తాతగారు జట్కా ఎక్కే ముందు, "అబ్బాయ్, నీళ్ళు తాగిందా?" అని అడిగేవారు. తాగలేదంటే మేమే ఆగేవాళ్ళం. ఆ తొట్టి ఎవరు కట్టించారో నాకు గుర్తులేదు, మునిసిపాలిటీయో, దాతయో. లండన్ నగరంలో పంతొమ్మిదో శతాబ్దిలో ఒక సంఘం వెలిసి వీధి వీధినా రాతి తొట్లు కట్టించింది. కొన్ని ఇప్పటికీ పూలకుండీలుగా నిలిచి ఉన్నాయి. మా తొట్టి పూలకుండీ కూడా కాలేదు. రోడ్డు వెడల్పులో పోయింది. పన్ను పెంచి సేవ చేయని మునిసిపాలిటీ మాకొద్దని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరే ఖాళీ చేసి రామనగరులో పందిళ్ళు వేసుకున్న చీరాల-పేరాల అది! ఆ ఊరి వాణ్ణి, ఒక నీళ్ళ తొట్టి అడగడానికి నేనెందుకు సంకోచించాలి?

కాబట్టి అడుగుతున్నాను. పెద్ద కోరికలేమీ కావు. పట్టణంలో ఉన్న గుర్రాలెన్నో ఒక చిట్టా రాయండి. ప్రతిదానికీ ఏటా ఒకసారి వైద్య పరీక్ష ఉచితంగా చేయండి, గిట్టలకు నాడాలు వేసే పనివాడికి ప్రభుత్వమే కూలి ఇవ్వండి. ఆ పని తెలిసినవాళ్ళు ఇక ఎందరో మిగలలేదు. మండపాలున్న వీధుల్లో నాలుగు తొట్లు, నాలుగు రేకుల పందిళ్ళు. పశువైద్యుల్లో ఒకరికి గుర్రాల వైద్యంలో ప్రత్యేక శిక్షణ. ఇది డబ్బు పెట్టవలసిన వైపు. ఆ డబ్బుకు పేదవాడి దగ్గరికి పోనక్కరలేదు. రథం మీద ఊరేగే ప్రతి పెళ్ళికీ మండపం యజమాని దగ్గర ఐదువందల రూపాయలు కార్పొరేషను వసూలు చేస్తే చాలు. టపాకాయలకు తగలేసేదాంట్లో అది ఎంత? ఇక అమలు వైపు. పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో రథం తిరిగితే జరిమానా తోలేవాడికి కాదు, పిలిపించుకున్నవాడికీ మండపానికీ వేయండి. ఊరేగింపు ఆలస్యమైనా మాట్లాడుకున్న కూలి మొత్తం ఇచ్చి తీరాలని అనుమతి కాగితం మీదే రాయండి. ఆ ఒక్క షరతు ఉంటే ఆ రోజు ఆ కుర్రాడు పదకొండున్నరకే గుర్రాలు విప్పేసేవాడు.

ఇదంతా నా పైత్యం కాదనడానికి ఆ పాత చట్టంలోనే ఒక సాక్ష్యం దొరికింది. 35వ సెక్షను. హింసకు గురైన జంతువును మేజిస్ట్రేటు ఆసుపత్రికి పంపవచ్చు, అక్కడి ఖర్చు యజమాని భరించాలి అంటుంది. ఆ వెంటనే ఒక మినహాయింపు: యజమాని పేదరికం చూసి మేజిస్ట్రేటు ఆదేశిస్తే చికిత్సకు సొమ్ము పుచ్చుకోకూడదు. 1960లో ఆ వాక్యం రాసినవారికి తెలుసు, గుర్రాన్ని కొట్టేవాడి వెనక వాణ్ణి కొట్టే దరిద్రం ఒకటుంటుందని. ఆ మినహాయింపు వాడుకోవాలంటే ముందు ఆసుపత్రంటూ ఒకటి ఉండాలి కదా.

మొన్న ఆ కుర్రాడు ఫోను చేశాడు. నంబరు ఆ రోజు నేనే ఇచ్చాను. తెల్లగుర్రం బాగానే ఉందట, కుడికాలు మాత్రం కొంచెం ఈడుస్తోందట. ఈ వైశాఖంలో మళ్ళీ గుంటూరులోనే బేరం వచ్చిందట. ముహూర్తం పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలకు.

"ఆ రోడ్డు మీద నీళ్ళ తొట్టి గట్రా ఏమైనా పెట్టారా సార్?" అని అడిగాడు.

లేదన్నాను. టీకొట్టు ఇంకా అక్కడే ఉందని చెప్పాను.